ఆర్డిస్ కాసిన సగం

డెల్‌ఫోర్డ్‌లో పాత జిమ్ పేరెత్తితే పెద్దవాళ్లు మాట మార్చేస్తారు. పిల్లలు మార్చరు. "చీకటి పడ్డాక పడమటి సగంలోకి వెళ్లి రా, చూద్దాం" అని పందెం కాస్తారు. కాసినవాళ్లు చాలామందే ఉన్నారు. గెలిచినవాళ్ల పేరు మాత్రం నేను వినలేదు.

ఊళ్లో హైస్కూలు మూతపడ్డాక కొన్నేళ్లపాటు ఏడో తరగతి ఆడపిల్లలు ఆ జిమ్‌లో బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు చేసేవారు. సాయంత్రం ఐదు దాటాక బంతి నడిమి గీత దాటి పడమటివైపు దొర్లిపోతే ఎవరూ తెచ్చుకునేవారు కాదు. ఇంకో బంతి తీసుకునేవారు. దీపాలార్పాక ఆ సగంలో బూట్ల చప్పుడయ్యేదట... కీచుమంటూ పరిగెత్తుకొచ్చి, సరిగ్గా గీత దగ్గర ఆగిపోయేదట.

ఎప్పుడూ దాటేది కాదట.

ఎందుకు దాటదో మా కౌంటీలో ఎవరినడిగినా చెబుతారు. ఆ రోజుల్లో మా అయోవా రాష్ట్రంలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి ఆరుగురు. ముగ్గురు ఫార్వర్డులు ఒక సగంలో ఉండి బుట్టలో బంతి వేస్తారు. ముగ్గురు గార్డులు రెండో సగంలో ఉండి, ఎదుటి జట్టులో తలా ఒక మనిషిని కాస్తారు. ఎవరి సగం వాళ్లది. గీత దాటితే తప్పు. గార్డుగా ఆడిన పిల్ల నాలుగేళ్లాడినా ఒక్కసారైనా బుట్టలో బంతి వెయ్యకుండానే బడి వదిలేది.

ఆర్డిస్ హస్మన్ గార్డు. 1957 ఫిబ్రవరిలో డెల్‌ఫోర్డ్‌కీ, పదహారు మైళ్ల అవతలి హాగన్‌కీ ఆ జిమ్‌లోనే ఆట జరిగింది. పడమటి కొసన బుట్టకీ గోడకీ మధ్య రెండడుగులే జాగా. హాగన్ ఫార్వర్డ్ ఒకతె తగలడంతో ఆర్డిస్ తల ఆ గోడకి కొట్టుకుంది. తువ్వాలు కట్టుకుని ఆట చివరిదాకా ఆడింది. డెల్‌ఫోర్డ్ రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. మూడో రోజు పొద్దున ఆర్డిస్ నిద్ర లేవలేదు.

తోసిందని డెల్‌ఫోర్డ్ వాళ్లంటారు. కాలు జారిందని హాగన్ వాళ్లంటారు. నేను విలేకరిగా పనిచేసిన మా పత్రిక "పడిపోయింది" అని రాసింది.

మిగతా పిల్లలు ఆర్డిస్ చొక్కాని బెంచీ మీద పరిచి, రాజధాని డెమోయిన్‌లో రాష్ట్ర పోటీలాడారు. మూడో స్థానం కప్పు తెచ్చారు. దాని మీద అందరికంటే ముందు ఆర్డిస్ పేరు చెక్కించారు.

1990లో పిల్లలు చాలక రెండూళ్ల హైస్కూళ్లనీ కలిపేశారు. మొక్కజొన్న చేల మధ్య, ఇటు ఎనిమిది మైళ్లు, అటు ఎనిమిది మైళ్లు ఉండేలా కొత్త బడి కట్టారు. పేరు మీద ఏడాది కొట్లాడుకున్నారు, రంగుల మీద ఇంకో ఏడాది. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: చొక్కాల రంగు హాగన్‌ది, జట్టు గుర్తు డెల్‌ఫోర్డ్‌ది, రెండూళ్ల కప్పులూ ఒకే అద్దాల బీరువాలో.

బీరువా చిన్నదైంది. ఆటల డైరెక్టరు లోరెన్ విక్‌స్ట్రామ్ హాగన్ మనిషి. హాగన్ కప్పులు బీరువాలోకి వెళ్లాయి. డెల్‌ఫోర్డ్‌వి అట్టపెట్టెల్లో పాత జిమ్ బాయిలర్ గదిలోకి వెళ్లాయి. "తాత్కాలికమే" అన్నాడు లోరెన్. ఆ మాట నేనే రాసుకున్నాను.

పదమూడేళ్ల తర్వాత లోరెన్ రిటైరవుతున్నాడు. కొత్త బడి బాస్కెట్‌బాల్ కోర్టుకి అతని పేరు పెట్టాలని స్కూలు బోర్డు తలపెట్టింది. జనవరిలో ఒక శుక్రవారం ఆట ముందు వేడుక. ఆ వారం మొదట్లో జరిగిన బోర్డు సమావేశంలో మార్వెల్ ఓల్ట్‌మన్ లేచి నిలబడింది. 1957 జట్టులో ఆర్డిస్ పక్కన గార్డుగా ఆడిన మనిషి. అరవై మూడేళ్లు. ఇప్పటికీ తన పందుల కొట్టం తనే కడుక్కుంటుంది.

"నీ పేరు రాయించుకో లోరెన్, కాదనం. మా కప్పేదీ?"

"బాయిలర్ గదిలో భద్రంగా ఉంది మార్వెల్."

"పదమూడేళ్లుగానా? మరీ అంత భద్రమా? మా ఆయన సమాధి కూడా నీకే అప్పజెప్పాల్సింది."

జనం నవ్వారు. లోరెన్ మెడ ఎర్రబడింది.

"శుక్రవారం పొద్దున ఏడున్నరకి అందరూ రండి. నా చేత్తో తీసిస్తాను. లేకపోతే నా పేరు ఎక్కడా వద్దు. సరేనా?"

"సరే. ఏవయ్యా విలేకరీ, రాసుకున్నావా?" అంది మార్వెల్ నావైపు తిరిగి.

రాసుకున్నాను. బాయిలర్ గదిలో కప్పు లేదని ఆ సమావేశంలో ఒక్క లోరెన్‌కే తెలుసు. 1994లో బాయిలర్ గదిలో గొట్టం పగిలింది. పెట్టెలు నానిపోయాయి. అతను వాటిని విప్పి చూడలేదు. ట్రక్కులో వేయించి కౌంటీ చెత్తదిబ్బకి పంపేశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు పాత ఫోటో చూపించి డెమోయిన్‌లో అలాంటిదే కొత్త కప్పు చేయించాడు. పాతదనం రావడానికి బూటు పాలిష్ రుద్దాడు. గురువారం సాయంత్రం ఆరింటికి దాన్ని దాణా సంచిలో చుట్టుకుని పాత జిమ్‌కి బయల్దేరాడు. జనవరిలో మాకు ఐదింటికే చీకటి పడుతుంది. ఆ రోజు సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉంది.

ఇక్కణ్నించి నాకు లోరెన్ చెప్పిందే. ఆసుపత్రిలో, కాళ్లకి కట్లతో పడుకుని చెప్పాడు. నేను కుదించాను తప్ప ఏమీ కలపలేదు.

జిమ్‌కి దారి ఒకటే — తూర్పు కొసన బుట్ట కింద తలుపు. పడమటి తలుపుకి ఎప్పుడో చెక్కలు కొట్టేశారు. బాయిలర్ గది కూడా తూర్పు సగంలోనే. టార్చి వెలుగులో కప్పుని గొట్టాల వెనక పెట్టి, దుమ్ము చల్లి, బయటికొచ్చాడు. నిమిషాల పని. తలుపు వైపు తిరగబోయాడు...

వెనక బంతి చప్పుడైంది.

ఒకసారి. ఇంకోసారి. పడమటి సగంలో.

టార్చి తిప్పాడు. వెలుగు గీతదాకానే వెళ్లింది. బంతి ఆగింది. తర్వాత అడుగులు — వడివడిగా, తనకేసే పరిగెత్తుకొస్తూ...

గీత దగ్గర ఆగిపోయాయి.

లోరెన్ ఒకడుగు వెనక్కి వేశాడు. కానీ ఆ కౌంటీలో పుట్టినవాడు, నియమం తెలిసినవాడు. కాసేపటికి ఊపిరి కూడదీసుకుని నవ్వాడు కూడా.

"దాటలేవుగా, ఆర్డిస్? నువ్వు కాసుకో నీ సగం. నేను ఇటున్నాను."

టార్చిని గీతకేసి ఊపాడు.

"కప్పు కావాలా? చెత్తలో ఉంది. పోయి వెతుక్కో."

ఆ మాట ఎందుకన్నాడో తనకే తెలియదన్నాడు. దాదాపు పదేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి, చీకట్లో, ఎగతాళిగా నోటివెంట వచ్చేసింది.

అప్పుడు హారన్ మోగింది.

ఆ భవనానికి కరెంటు తీసేసి నాలుగేళ్లయింది. చెవులు చిల్లులు పడేలా, పొడుగ్గా... సగం ఆట అయిపోయిందని చెప్పే హారన్. లోరెన్ చేతిలోంచి టార్చి జారి నేల మీద పగిలింది.

సగం ఆట అయ్యాక ఏం జరుగుతుందో మా ఊళ్లలో చంటిపిల్లకైనా తెలుసు. జట్లు వైపులు మారతాయి. ఇప్పటిదాకా పడమటి సగం కాసిన గార్డులు ఇక తూర్పు సగం కాస్తారు. ముప్ఫై ఏళ్లు ఆటలు నడిపిన మనిషికి ఆ క్షణందాకా గుర్తు రాలేదు.

అడుగులు గీత దాటాయి. అతని ఎడమ పక్కనుంచి, కుడి పక్కనుంచి... నింపాదిగా, నడిచి వెళ్లి తలుపుకి ముందు నిలబడ్డాయి.

"ఇప్పుడు ఇది మా వైపు" అని ఎవరో గుసగుసలాడారు.

ఎడమగా తప్పుకుని పరిగెత్తాడు. మొహం ముందు చెయ్యి. కుడికి తిరిగాడు. అక్కడా చెయ్యి. చిన్నప్పుడు పొరుగింటి పిల్లలతో ఆడినప్పుడు తగిలిన గార్డు చెయ్యే అది — కొట్టదు, తొయ్యదు, ఎటు వెళ్తే అటే ఉంటుంది. మధ్యలోంచి దూసుకుపోదామని చూశాడు. అక్కడ అరచెయ్యి ఛాతీ మీద ఆనింది. అడుగు ముందుకి పడలేదు.

ముగ్గురు. ముగ్గురు గార్డులూ ఉన్నారు.

ఇక మిగిలింది పడమటి సగమే. వెనక్కి వెనక్కి నడిచి గీత దాటాడు. అక్కడ అతన్ని ఎవరూ ముట్టుకోలేదు. కానీ అక్కడ తెరుచుకునే తలుపు లేదు. ఫోను బయట ట్రక్కులో ఉంది. ఎన్నిసార్లు గీత దాటి ప్రయత్నించాడో లెక్క లేదన్నాడు. ఎవరు తీశారో, ఎదురుగా తలుపు తెరిచే ఉంది; అయినా ప్రతిసారీ అదే అరచెయ్యి, అదే చోట.

శుక్రవారం పొద్దున ఏడున్నరకి నలుగురం వెళ్లాం — ముగ్గురు బోర్డు సభ్యులు, నేను. మార్వెల్ రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపింది.

జిమ్ తలుపు బార్లా తెరిచి ఉంది. రాత్రి గాలికి మంచు లోపలికి కొట్టి, గుమ్మం నుంచి ఆరడుగులదాకా నేల తెల్లగా ఉంది. ఆ మంచు మీద ఒక్క అడుగు జాడా లేదు. లోరెన్ నడిమి గీతకి అవతల, బూటు కొసలు గీతకి ఆనించి నిలబడి ఉన్నాడు. కనుబొమల మీద మంచు పేరుకుని ఉంది. తెరిచిన తలుపునే చూస్తున్నాడు.

"లోరెన్! ఏమైందయ్యా? ఇలా రా" అన్నాడు బోర్డు అధ్యక్షుడు.

లోరెన్ మమ్మల్ని చూడలేదు. మాకూ తనకీ మధ్య ఎక్కడో చూస్తున్నాడు.

"ఆమెని కాస్త జరగమనండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. అప్పుడు అతను గట్టిగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు. కప్పు లేదని. చెత్తలో వేయించానని. గొట్టాల వెనక ఉన్నది దొంగదని. తన పేరు ఏ కోర్టుకీ వద్దని. చెప్పి ఆగాడు. ఏదో విన్నట్టు తల వంచాడు.

తర్వాత గీత దాటి నడిచొచ్చాడు.

కాలి వేళ్లు రెండు తీసేశారు. కోర్టుకి పేరు పెట్టలేదు. హాగన్‌లో అతన్ని పలకరించేవాళ్లు తగ్గారు, డెల్‌ఫోర్డ్‌లో మొదట్నుంచీ లేరు. మా పత్రిక "చలిలో చిక్కుకున్న ఆటల డైరెక్టరు" అని ఆరు వాక్యాలు వేసింది.

మూడు వారాల తర్వాత మార్వెల్ ఇంటికెళ్లాను. వంటింట్లో ఆమె, ఇర్మా సాథాఫ్ పేకాడుతున్నారు. ఇర్మా కూడా ఆనాటి గార్డే. ఆర్డిస్ పోగా మిగిలిన గార్డులు ఆ ఇద్దరే.

"రాయనంటే చెబుతా" అంది మార్వెల్, కాఫీ పోస్తూ.

"రాయను" అన్నాను. అప్పుడు రాయలేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు.

"కప్పు తయారైందని షాపువాళ్లు బడికి ఫోన్ చేశారు. ఫోనెత్తింది ఇర్మా కోడలు. ఇంకేం చెప్పాలి? గురువారం వాడు జిమ్ తాళంచెవి పట్టికెళ్లాడని కూడా ఆ పిల్లే చెప్పింది."

"మీరు లోపలికెలా వెళ్లారు?"

"ఆ తాళంచెవి లేని ఇల్లు డెల్‌ఫోర్డ్‌లో ఉందిటయ్యా?"

బంతి ఇర్మాది. హారన్ మార్వెల్ అల్లుడు పడవలో మోగించే, గాలి నింపిన డబ్బా. అడుగులు ఇద్దరివీ. నేను నవ్వాను. ఇన్నేళ్ల వృత్తిలో ప్రతి దెయ్యం వెనకా ఇలాంటి వంటిల్లే కనిపించింది.

"అయితే మూడో మనిషి ఎవరు? మధ్యలో నిలబడింది?" అన్నాను.

మార్వెల్ ముక్కలు బోర్లా పెట్టింది. "మధ్యలో ఎవర్నీ పెట్టలేదు. అది ఆర్డిస్ చోటు. అయినా వాడు బయటపడాలిగా! హడలగొట్టి వదిలేద్దామనుకున్నాం. అందుకే దారి వదిలాం."

"వాడు ఆ ఖాళీలోకే పరిగెత్తాడు" అంది ఇర్మా. "ఆగిపోయాడు. భయంతో కాళ్లు రావట్లేదేమో, ఇంక పోనీ అని తలుపు తీశాను. మంచు వెలుగు వాడి మీద పడింది. కోటు... ఇక్కడ, ఛాతీ మీద, లోపలికి నొక్కుకుని ఉంది. అయిదు వేళ్లూ విడివిడిగా."

మార్వెల్ లేచి ఇంకాస్త కాఫీ పోసింది.

"మేం పరిగెత్తుకొచ్చేశాం. తలుపు కూడా వెయ్యలేదు. రాత్రి ఏడు కాకముందే ఇక్కడున్నాం" అంది మార్వెల్.

"మరి తెల్లారేదాకా వాడు అక్కడే ఉన్నాడు. ఎవరికైనా ఫోన్ చెయ్యొచ్చుగా?"

"చెయ్యొచ్చు. ఫోను అదిగో, గోడకే ఉంది."

ఆమె ముక్కలు మళ్లీ చేతిలోకి తీసుకుని సర్దుకుంది.

"ఒక గార్డు కాస్తున్న మనిషి జోలికి ఇంకో గార్డు పోదయ్యా. వాడు ఆర్డిస్ మనిషి."