మచ్చ పడని పిల్ల

క్యాంటీన్‌లో ఇడ్లీల దగ్గర వరుస తప్పినందుకు ఒక కుర్రాడు ఇంకో కుర్రాడి చేతిలో ఫోర్కు దించాడు. అది చేతిని దాటి కింద బల్లలోకి దిగింది. పొడిపించుకున్నవాడు పళ్లు బిగబట్టి ఫోర్కు పీకి పారేసి, "నీ యబ్బ, కొత్త చొక్కారా!" అని మాత్రం తిట్టాడు. నాలుగు నిమిషాలకు వాడి చెయ్యి నున్నగా ఉంది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. క్యాంటీన్ ఆయన రక్తం తుడిచి, సాంబారు గిన్నె మీద మూత సరిచేసి, తర్వాతి టోకెన్ పిలిచాడు.

విశాఖలో అది మామూలు పొద్దే. ముప్పై ఏళ్ల కిందటినుంచి, పుట్టిన ప్రతి బిడ్డ నాలుక మీదా రెండు మాన్పుచుక్కలు వేస్తున్నారు. వాటిలోని మాన్పుకణాలు ఒంట్లో కాపురం పెట్టి, ఎక్కడ తెగినా అక్కడికి పరుగెత్తి పూడ్చేస్తాయి. ప్రాణాలు నిలబెట్టడానికి కనిపెట్టారు, నిలబెట్టాయి కూడా. కానీ గాయం ఎలాగూ మానిపోతుందని తెలిశాక మనిషి చెయ్యి ఎందుకు ఆగుతుంది? చూపించడానికి దెబ్బ లేకపోతే పోలీసు కేసు రాయడు. చిరిగిన చొక్కాకైతే రాస్తాడు.

అంతకు ముందు పుట్టిన పెద్దవాళ్లకు ఆ చుక్కలు పనిచేయవు. వాళ్లు మోచేతి కింద పసుపు పట్టీ కట్టుకుని తిరుగుతారు. పట్టీ ఉన్నవాళ్లను ఎవరూ ముట్టుకోకూడదు. వాళ్లు మాత్రం ఎవరినైనా కొట్టొచ్చు. సిగ్గుమాలిన ఏర్పాటే, అయినా అందరికీ అలవాటైపోయింది.

నీలవేణి వస్తుంటే క్యాంటీన్‌లో అందరూ జరిగి దారిచ్చారు. ఆమె జీవకణ పరిశోధనాలయంలో పీహెచ్‌డీ విద్యార్థిని. గాయం పూడ్చిన ప్రతిసారీ మాన్పుకణం తన డీఎన్‌ఏ మీద ఒక రసాయన గుర్తు మిగుల్చుకుంటుందని, కణం రెండుగా చీలినా ఆ గుర్తు పోదని కనిపెట్టింది. దానికి 'ముడి' అని పేరు పెట్టింది. రెండు వందల మంది రక్తంలో ముడులు లెక్కపెట్టింది. అయితే పోల్చి చూడటానికి 'కంట్రోల్'గా, ఎన్నడూ దెబ్బ తినని మనిషి ఒకరు కావాలి. ఊరంతా గాలించినా దొరకలేదు. ఆఖరికి తన రక్తమే పెట్టుకుంది. తల్లి చిన్నప్పుడే పోతే నాన్న గౌరునాయుడే పెంచాడు. బయటి పిల్లలు కోసేస్తారని బడికి కూడా పంపకుండా ఇంట్లోనే చదివించాడు. ఆయన చెయ్యెత్తడం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

ముడి పడితే లెక్క చెడుతుందని, పీహెచ్‌డీ నాలుగేళ్లూ ఆమెను ఎవరూ గీరనైనా గీరలేదు. ల్యాబులో ఒక ఆచారం ఉంది: ఎవరి కణాల ప్లేటుకు బూజు పడితే వాళ్ల అరచేతికి గైడు ఆచార్య త్రివిక్రమ్ స్కాల్పెల్‌తో ఒక కోత పెడతాడు. నీలవేణి చెయ్యి కొయ్యడానికి లేదు కదా! ఆమె ప్లేట్లకు పదకొండుసార్లు బూజు పట్టింది. పదకొండు కోతలూ పక్క బల్ల దగ్గర పనిచేసే జోసెఫ్ రత్నం అరచేతికి పడ్డాయి. అతను ఒక్కమాట అనలేదు. ఆమె కూడా ఒక్కసారీ వద్దనలేదు.

ఫోన్ మోగింది.

"అమ్మా, బస్సు దిగీసాను. మీ సార్లందరికీ పలాస జీడిపప్పు పాకం తెచ్చినాను. ఏటి, గొంతు అలగుంది?"

"ఏం లేదు నాన్నా. మధ్యాహ్నం వైవా కదా, భయంగా ఉంది."

"బెంగెట్టుకోకు తల్లీ. నీ ఒంటి మీద ఒక్క మచ్చ పడనీకండా పెంచినాను. నువ్వు డాక్టరమ్మవైపోతే నాకింకేటి గావాల?"

నవ్వుతూ ల్యాబుకు వెళ్లింది. లోపల అడుగు పెట్టేసరికి త్రివిక్రమ్ రత్నం జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొడుతున్నాడు.

పరీక్షకురాలు దమయంతి గారు వైవాకు ముందు కంట్రోల్ రక్తాన్ని కొత్త యంత్రంలో మళ్లీ చూడమని రాశారు. పాత యంత్రం గడిచిన ఇరవయ్యేళ్ల ముడులే చదివేది. కొత్తది, లోతుచదువరి, పుట్టిన రోజు దాకా చదువుతుంది. తెర మీద సున్నా ఉండాల్సిన చోట 311 ఉంది.

"పదకొండు కోతల కక్ష తీర్చుకున్నావురా! ట్యూబు మార్చావు!"

"నేను మార్చలేదు సార్! ఒట్టు సార్!"

స్కాల్పెల్ రత్నం తొడలో దిగింది. పైకి వచ్చి మళ్లీ దిగింది. మూడోసారికి అతను అరవడం మానేశాడు. నేల మీద రక్తం నీలవేణి చెప్పుల దాకా పాకింది. ఆమె ఉరికి ఆయన చేతిలోంచి స్కాల్పెల్ లాక్కుని కోటు జేబులో వేసుకుంది. సూది తీసి అందరి ముందూ తన రక్తం తనే లాగింది. సూదిపోటుకు ముడి పడదు. ట్యూబు తనే యంత్రంలో పెట్టింది.

మళ్లీ 311.

ముడుల మధ్య దూరాన్ని బట్టి అవి పడిన వయసు తెలుస్తుంది. మొదటిది ఏడో నెలలో. ఆఖరిది రెండున్నరేళ్లప్పుడు. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

"పాత లెక్కే చెప్పు. సున్నా. డిగ్రీ తీసుకుని పో. ఈ అంకె బయటికొస్తే నాలుగేళ్ల పని గంగపాలు," అన్నాడు త్రివిక్రమ్.

రత్నం నేల మీద కూర్చుని, అప్పుడే పూడిన తొడ రుద్దుకుంటున్నాడు. "వాళ్ల నాన్నగారు వైవాకి వస్తున్నారు సార్," అన్నాడు మెల్లగా. తన గురించి ఏమీ అనలేదు. నీలవేణికి అతని మొహం చూడాలంటే సిగ్గేసింది.

ఆ సంస్థలో వైవాకి ఇంటివాళ్లు కూడా వస్తారు. హాలు నిండింది. వెనక వరసలో గౌరునాయుడు ఇస్త్రీ చొక్కా, పసుపు పట్టీతో, పాకం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీ కంట్రోల్ ఎవరు?" దమయంతి గారు అడిగారు.

"నేనే మేడమ్."

"ముడులు ఎన్ని?"

త్రివిక్రమ్ గొంతు సవరించుకున్నాడు. నీలవేణి ఆయనకేసి చూడలేదు. వెనక వరసకేసి చూసింది.

"మూడు వందల పదకొండు. అన్నీ రెండున్నరేళ్ల లోపే."

హాల్లో ఎక్కడో డబ్బా పడి దొర్లిన చప్పుడైంది.

దమయంతి గారు కాగితం బోర్లించారు. "కంట్రోల్ లేకుండా డిగ్రీ ఇవ్వలేనమ్మా. ఎన్నడూ దెబ్బ తినని మనిషిని వెతికి తెచ్చుకో." తలెత్తి హాలుకేసి చూసి, "మీలో ఎవరైనా ఉన్నారా?" అన్నారు.

పొద్దున్నయితే, కనీసం పసితనంలో తమను ఎవరూ కొట్టలేదని పదిమంది చేతులెత్తేవాళ్లు. ఇప్పుడు కుర్రాళ్లు తమ పక్కన కూర్చున్న తల్లుల మొహాలు, తండ్రుల మొహాలు చూస్తున్నారు. పెద్దవాళ్లు నేల చూస్తున్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు.

గౌరునాయుడు వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. నీలవేణి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎవరు నాన్నా?"

"మీ యమ్మ పోయీనప్పటికి నీకు ఏడో నెల." ఆయన స్తంభం పట్టుకున్నాడు. "ఏడుపు ఆపీదానివి కాదు. ఒకపాలి బెల్టు తీసి కొట్టీసాను. నా కళ్లముందే మానిపోయింది. మచ్చ నేదు, వాపు నేదు. మచ్చ పడకపోతే తప్పేటి, అనీసుకున్నాను. ఆనక అలవాటైపోయింది."

"మరెందుకు ఆపావు?"

ఆయన పసుపు పట్టీ సరిచేసుకున్నాడు.

"ఎందుకు ఆపావు నాన్నా?"

"నీకు మాటలొచ్చీసాయి తల్లీ. ఎవులికైనా సెప్పీస్తావని."

తెలియక చేశాడనుకుంటే క్షమించేదేమో. తప్పని తెలుసు ఆయనకు, మొదటినుంచీ తెలుసు. జేబులోని స్కాల్పెల్ చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఆమెకు తెలియదు. ఆ కాలపు పిల్లలు రోజూ చేసే పనే, తను మాత్రం ఎన్నడూ చేయనిది, చేసింది. ఆయన ముంజేతి మీద అడ్డంగా కోసింది. పసుపు పట్టీ రెండుగా తెగి కింద పడింది.

కోసి, అందరిలాగే ఆగింది, మానడం కోసం.

మానలేదు. రక్తం వేళ్ల వెంట కారి ఇస్త్రీ చొక్కా తడిసి, స్తంభం మొదట్లో మడుగు కట్టింది. కుర్రాళ్లు చుట్టూ మూగారు. "ఆగండి, నాలుగు నిమిషాల్లో అదే పోతుంది," అన్నాడు ఒకడు. నాలుగు నిమిషాలూ అయ్యాయి. ఒకడు వీపు తట్టాడు, ఇంకొకడు నీళ్లు తెచ్చి ఎక్కడ పొయ్యాలో తెలియక నిలబడ్డాడు. కణం గుట్టు విప్పిన పిల్లకు కట్టు కట్టడం రాదు. చుట్టూ మూగిన కుర్రాళ్లెవరికీ రాదు. తెలిసిన పెద్దవాళ్లు ఇంకా హాలు దాటి రాలేదు.

గౌరునాయుడు స్తంభానికి జారగిలబడ్డాడు. పెదాలు తెల్లబడ్డాయి.

"నీ సున్నీ తియ్యి తల్లీ. దాని మీదెట్టి గట్టిగా అదుము. ఇంకా గట్టిగా. భయపడకు."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చున్నీ వేసి రెండు చేతులతో అదిమింది. వేళ్ల సందుల్లోంచి వెచ్చగా వస్తూనే ఉంది. రత్నం పరుగున వచ్చి, పైన తన చేతులు కూడా వేశాడు.

"మచ్చ పడిపోతుంది నాన్నా," అంది ఏడుస్తూ.

"పడనీ," అన్నాడాయన.

ఆమె ఇంకా గట్టిగా అదిమి పట్టుకుంది.