ముప్పై ఏడో నంబరులో ఆరు జాలీలు

సెలవులకి జనం వచ్చి ఉండే చక్రాల ఇళ్ళ కారవాన్ పార్కు మార్చి ఒకటిన తెరుస్తారు. ఆలోపు నలభై రెండు కారవాన్లలో గ్యాసు పరీక్షించి సర్టిఫికెట్లు ఇవ్వాలి. ఒక్కోదానికి ఇరవై అయిదు నిమిషాలు, రోజుకి పద్నాలుగు, మొత్తం మూడు రోజులు. సొంత వ్యానుతో ఈ పని మొదలుపెట్టి రెండేళ్ళే అయినా నా లెక్క ఎప్పుడూ తప్పలేదు.

తప్పేదల్లా ఇక్కడి వాళ్ళ బుర్రలే. ఈ లింకన్‌షైర్ తీరంలో అక్టోబరు గాలి తగలగానే కారవాన్ నేలలో ఉన్న జాలీలు మూసేస్తారు. పాదాలకి చలట! కారిన గ్యాసు కిందికి పోవడానికీ, లోపల మనిషికి ఊపిరాడడానికీ పెట్టిన జాలీలవి. పాత పేపర్లు, స్పాంజి ముక్కలు, ఏది దొరికితే అది కుక్కుతారు. ఒక మహానుభావుడు తన పెళ్ళినాటి టై కుక్కాడు. పెంపుడు కుక్కకి కోటు తొడిగి, తమ ముక్కు తామే మూసుకునే జనం.

ముప్పై ఏడో నంబరు మోరిస్ లీమింగ్, బెరిల్ అనే ముసలి దంపతులది. పోయిన అక్టోబరులో ఇద్దరూ హీటరు ముందు సోఫాలో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే చనిపోయారు. పొగగొట్టంలో పిట్టగూడు. ఆరు జాలీల్లోనూ మేజోళ్ళు. కొడుకు ఆ కారవాన్ అమ్మేశాడు. కొన్నవాళ్ళు నాలుగు నెలల పాపతో శనివారం దిగుతున్నారు.

"ఏమోయ్ గ్యాసు డాక్టరూ, ముప్పై ఏడుకి వెళ్ళడానికి భయమా?" అంది పార్కు మేనేజరు మాక్సీన్, తాళంచెవి ఊపుతూ.

"భయమెందుకు? తెలివితక్కువతనం అంటువ్యాధి కాదుగా!"

"పోయినవాళ్ళ చలి మీద వేళాకోళం! నువ్వేమో మీ నాన్నమ్మ అల్లిన ఎర్రచారల మేజోళ్ళు బూట్ల పైకి కనబడేలా లాక్కుని తిరుగుతావు. పోయిన మార్చిలో, వాళ్ళు దిగాక, దానికి సర్టిఫికెట్ ఇచ్చింది నువ్వేగా, కోరీ?"

"అప్పుడు ఆరూ తెరిచే ఉన్నాయి," అన్నాను.

మధ్యాహ్నం మూడయింది. సముద్రం మీంచి మంచు కమ్ముకొచ్చి పక్క కారవాన్ కూడా కనబడటం లేదు. గడ్డి మీద నా అడుగుల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

తలుపు తీశాను. నాలుగు నెలలు మూసి ఉన్న చోటు. చలికి గడ్డకట్టకుండా గొట్టాల్లో నీళ్ళు ఖాళీ చేశారు. గ్యాసు సిలిండరు అసలు తగిలించనే లేదు. లోపల చెమ్మ కంపు కొట్టాలి. కానీ వెచ్చగా ఉంది. కాల్చిన రొట్టె వాసన, తడిసిన ఉన్ని వాసన. అద్దాల మీద లోపలివైపు, ఎవరో ఇంతసేపూ ఊపిరి వదిలినట్టు, నీటి ధారలు.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. హీటరు కింది జాలీలో మేజోడు. పోలీసులు అన్నీ పీకేశారని మాక్సీన్ చెప్పిందే! వాళ్ళ పనితనం ఇంతే అనుకుని, లాగి సంచిలో వేశాను. తలుపు పక్కన ఇంకొకటి. మూడు. నాలుగు. అయిదు.

ఆరోది సోఫా ముందు, రగ్గు కింద. అంచు పట్టుకున్నాను.

"రగ్గు ఎత్తకు నాయనా... ఇప్పుడే ఊడ్చాను."

చెవి పక్కనే. మెల్లగా.

ఆ మాట నాకు తెలుసు. పోయిన మార్చిలో బెరిల్ టీ కప్పు అందిస్తూ ఇదే అంది. నేను వాచీ చూసుకున్నాను. ఇంకా మూడు నిమిషాలే ఉన్నాయి. రగ్గు ఎత్తలేదు. 'ఆరు, తెరిచి ఉన్నవి' అని రాసి సంతకం పెట్టాను. పొగగొట్టంలోకి తొంగి చూశానా? గుర్తు లేదు.

నడుముకున్న మీటరు కూత పెట్టింది. కార్బన్ మోనాక్సైడ్, ఆ ముసలివాళ్ళని చంపిన విషవాయువు. రెండు వందలు.

మంట లేదు. సిలిండరు లేదు. మరి ఎక్కడి నుంచి...?

నాలుగు వందలు.

"తలుపు వెయ్యి మోరిస్. అబ్బాయికి కాళ్ళు చల్లబడతాయి."

నా వెనక తలుపు దానంతటదే మూసుకుంది. ఎనిమిది వందలు. కణతలు అదురుతున్నాయి. పదహారు వందలు. ప్రతి ఊపిరికీ రెట్టింపు... మూడు వేల రెండు వందల దగ్గర మనిషికి అరగంటే ఆయుష్షు. ఇంకో రెండు ఊపిర్లకి... లెక్క సాగలేదు. జీవితంలో మొదటిసారి.

రగ్గు లాగేశాను. ఆరో మేజోడు పీకి సంచిలో కుక్కి, భుజంతో తలుపుని గుద్దాను. ఒకసారి. రెండు. మూడు...

తడి గడ్డి మీద పడ్డాను.

చప్పుడు విని మాక్సీన్ పరుగున వచ్చింది. "ఏమైంది కోరీ? మొహం అలా ఎర్రబడిందేం?" మీటరు చూసింది. సున్నా.

"సంతకం పెట్టను," అన్నాను. "వాళ్ళని శనివారం రానివ్వకండి. పోయినసారి... రగ్గు ఎత్తలేదు నేను."

ఆమె టార్చి తీసుకుని లోపలికి వెళ్ళింది. గుప్పిట్లో ఏవో పట్టుకుని బయటికొచ్చింది.

"నాలుగు తెరిచి ఉన్నాయి. హీటరు కింద ఒక మేజోడు, తలుపు పక్కన ఒకటి అలాగే వదిలేశావేం?"

"ఆరూ పీకాను." సంచి బోర్లించాను. ఆరు మేజోళ్ళు.

"మరి ఇవేంటి?"

చెయ్యి చాపింది. బూడిదరంగు ఉన్ని. పైన ఎర్రచారలు.

"ఇంకా వెచ్చగా ఉన్నాయి..." అంది.

కిందికి చూసుకున్నాను. పొద్దున్న ఆరింటికి వేసిన రెండేసి ముళ్ళు బూట్ల తాళ్ళకి అలాగే బిగిసి ఉన్నాయి. లోపల మేజోళ్ళు లేని నా పాదాలు మంచుగడ్డల్లా ఉన్నాయి.