రంగమ్మ సత్రం ముందుగోడ

పగలంతా కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. మద్రాసు జార్జి టౌన్ సందుల్లో తోపుడుబళ్ళు ఇంకా సరుకు దించుతూనే ఉన్నాయి. రంగమ్మ సత్రం వాకిట్లో మల్లెదండలు వేలాడదీసి, వచ్చినవాళ్ళందరికీ బాదంపాలు ఇస్తున్నారు. నగరంలోని పాత కట్టడాలను కాపాడినవాళ్ళకు ఆ సాయంత్రం సన్మానం.

దమయంతి చివరి వరసలో కూర్చుంది. చూలై పేటలో ఏళ్ళ తరబడి చరిత్ర పాఠాలు చెప్పిన టీచరు ఆమె. ఈ సత్రాన్ని కూల్చొద్దని కోర్టుకెక్కింది ఆమె, భాష్యం గారు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి మద్రాసు పెద్దాసుపత్రికి కాన్పుకొచ్చే ఆడవాళ్ళు తలదాచుకోవాలని రంగమ్మ అనే ఆవిడ కట్టించిన సత్రమది. భాష్యం గారు దాన్ని కనిపెట్టుకుని ఉండే పెద్దాయన. నా అన్నవాళ్ళు లేరు. మేడమీది గదే ఆయన ఇల్లు. వీధి తలుపు కిర్రుమంటే చాలు, పైనుంచి "ఎవురది?" అని అడిగేవాడు.

కేసు నడుస్తుండగానే ఒకనాటి తెల్లవారుజామున యంత్రాలొచ్చాయి. పొద్దెక్కేసరికి వీధివైపు గోడ తప్ప ఏమీ మిగల్లేదు. భాష్యం గారు కనబడలేదు. స్థలం చేజిక్కించుకున్న బిల్డర్ మురళీధర్, పెద్దాయన ముందురోజే తిరుపతికి పోయాడని పోలీసులకు చెప్పాడు. వాళ్ళు అదే రాసుకున్నారు. తిరుపతికి పోయిన మనిషి కళ్ళజోడు రాళ్ళకుప్పలో ఎందుకు దొరికిందని దమయంతి స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి అడిగింది. 

ఇప్పుడు ఆ గోడ వెనక, రెండు బారల సందు వదిలి, అద్దాల కల్యాణమండపం లేచింది. సభ జరుగుతున్నది అందులోనే. మిగిలిన గోడకు మెరుగులు దిద్ది, కిటికీలకు రంగు కొట్టించినందుకు మురళీధర్‌కు ఈ ఏటి 'వారసత్వ రక్షకుడు' బిరుదు.

సన్మాన సంఘం పెద్ద పరిమళ వచ్చి దమయంతి పక్కన కూర్చుంది. శాలువా మీ చేతుల మీదుగా కప్పితే ఎంతో నిండుగా ఉంటుందని, పాత గొడవలు మరిచిపోవచ్చని మెత్తగా చెప్పింది. దమయంతికి ఒళ్ళు భగ్గుమంది. శాలువా అందుకుని వేదికెక్కింది. కప్పలేదు. మైకు ముందు నిలబడింది.

"భాష్యం గారు ఏడ ఉండారు, మురళీధర్?"

అతను ఫొటోలకు నవ్వుతున్న నవ్వు నవ్వుతూనే ఉన్నాడు. "తిరుపతికి పోయినాడని ఆనాడే చెప్పినా గదా, టీచరమ్మా."

కరెంటు పోయింది.

అద్దాలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. జనం గొణిగారు, కుర్చీలు జరిగాయి. ఎక్కడినుంచో చల్లటి గాలి వచ్చింది. దాంట్లో తడి సున్నం వాసన. పాతబడ్డ దుప్పట్ల వాసన. 

"ఎవురది?"

మైకులోంచి కాదు. పైనుంచి. ముందుగోడకున్న మేడ కిటికీలోంచి. ఆ కిటికీ వెనక గది లేదు... నేల లేదు... ఉత్త గాలి.

మురళీధర్ నవ్వు మాయమైంది. "నేనే, సామీ" అన్నాడు, పిలిస్తే పలికినట్టు. వేదిక దిగి, మండపం పక్క తలుపు తోసుకుని సందులోకి నడిచాడు. దమయంతి ఫోను లైటు వేసుకుని వెనకే వెళ్ళింది.

చెక్కమెట్టు మూలిగింది. ఇంకోటి. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. సత్రం మెట్లవి. అవి పోయి ఎన్నాళ్ళో అయింది.

ఆమె లైటు ఎత్తింది. మురళీధర్ ఎక్కుతున్నాడు. అతని బూట్ల కింద ఏమీ లేదు. వాన నీళ్ళు కారుతున్న గోడ... చీకటి... అంతే.

"టీచరమ్మా," అన్నాడు కిందికి చూస్తూ. "కాళ్ళు నా మాట ఇనడంలా. పట్టుకోండి..."

అతని కాలు ఆమె చెయ్యి చాస్తే అందేంత ఎత్తులోనే ఉంది. దమయంతి చెయ్యి చాచలేదు.

"భాష్యం గారు కూడా ఇట్లనే పిలిచినారా?"

మెట్టు మూలిగింది. అతను ఇంకా పైకి పోయాడు.

"చెప్పు" అంది ఆమె.

"పిలిచినాడు..." అతను ఏడుస్తున్నాడు. "పైనుంచి కేకేసినాడు... నాకు ఇనబడింది... మిషను ఆపమని చెప్పలేదు నేను..."

  అది దమయంతి ఇన్నాళ్ళూ ఊహించిందే. అయినా ఆ మాట చెవిన పడ్డాక, అతన్ని కిందికి లాగి తన చేతుల్తోనే కొట్టాలనిపించింది. కానీ అప్పటికే అతని కాళ్ళు అందనంత పైకి పోయాయి.

మేడ కిటికీ రెక్కలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. విసురుగా కాదు. సాయంత్రం దోమలు రాకుండా ఇంట్లోవాళ్ళు మూసుకున్నట్టు, నెమ్మదిగా.

కరెంటు వచ్చింది. సందులో ఎవరూ లేరు.

పోలీసులు వచ్చారు. అగ్నిమాపకదళం వాళ్ళు నిచ్చెనలు వేశారు. ఎంత వెతికినా మురళీధర్ దొరకలేదు. దొరికిందల్లా గోడ లోపలి వైపు, మేడ ఎత్తున, కొత్తగా మెత్తిన సున్నం. మనిషంత పొడుగు. అంతకుముందు అక్కడ ఒట్టి ఇటుకలే ఉండేవని మండపం కాపలాదారు ఏళుమలై ఒట్టేసి చెప్పాడు.

దమయంతి తను విన్నది పూసగుచ్చినట్టు పోలీసులకు చెప్పింది. గోడ పగలగొట్టండి, పునాదులు తవ్వండి, ఇద్దరూ ఈడనే ఉండారని అరిచింది. గోడ పగలగొట్టవచ్చా అని ఇన్‌స్పెక్టరు సంఘాన్ని అడిగాడు. పరిమళ తన లెటర్‌హెడ్ మీద జవాబిచ్చింది. అది రక్షిత కట్టడమట. ఒక్క ఇటుక కదిపినా గోడంతా కూలుతుందట. తాకడానికి వీల్లేదట. భాష్యం గారు లోపల ఉన్నప్పుడు ఈ చట్టం ఎక్కడికి పోయిందని అడుగుతూ దమయంతి ఆ కాగితాన్ని ఆమె ముందే చింపేసింది.

నడివేసవి కత్తిరి ఎండలు వచ్చాయి. ఊరంతా పెనం మీదలా ఉడికిపోయింది. ఆ సున్నం మాత్రం ఆరలేదు. చూద్దామని దమయంతి ఒక ఉదయం మండపం మేడ వరండాలోకి వెళ్ళి నిలబడింది. ఎదురుగా గోడ.

తడి సున్నం మీద వేళ్ళ గుర్తులున్నాయి. పదీ విడివిడిగా... లోపలినుంచి బయటికి పొడుచుకొచ్చినట్టు.

రోజూ పొద్దున ఇవి ఉంటాయని ఏళుమలై మెల్లగా చెప్పాడు. చీకటిపడే వేళకు ఎవరో నున్నగా మెత్తేస్తారట.