ప్రాగ్‌లో కింది గది

చీకటి పడ్డాక ఆ కింది గదిలోకి ఎవరూ అడుగు పెట్టరట.

ప్రాగ్ పాతబస్తీలో ఎప్పటిదో రాతి ఇల్లు. ఇంటి మధ్యలో రాళ్ళు పరిచిన వాకిలి, వాకిట్లో ఇనుప మూత బిగించిన పాడుబావి. ఆ బావికి ఎదురుగా ఓ ఖాళీ గది. రాత్రిపూట అందులో నీలం వెలుగు కనిపిస్తుందట... ఎవరో ఆడమనిషి గొణుక్కోవడం వినిపిస్తుందట.

ఈ కథ నాకు చెప్పింది జగన్మోహన్, నా స్నేహితురాలు శ్రీవిద్య మొగుడు. చెప్పింది ఇక్కడే, అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న నోవైలో, మా వంటింట్లో కూర్చుని. వింటూ నవ్వాను. దెయ్యాలంటే నమ్మకం లేక కాదు, చెప్పే మనిషిని చూసి.

మా నోవైలో దెయ్యాలు లేవు లెండి. ఏ ఇల్లు చూసినా మొన్న కట్టినట్టే ఉంటుంది. తలుపుకి రంగు మార్చాలన్నా కాలనీ అసోసియేషన్ పర్మిషన్ కావాలి, ఇక దెయ్యాన్ని ఎవరు ఉండనిస్తారు? అందుకే మనవాళ్ళు పాత గోడలు చూడాలంటే యూరప్ పరిగెడతారు. లాంగ్ వీకెండ్‌కి ఇంకో రెండు రోజులు సెలవు అతికించి, ఓ రాజధానిని నాలుగు రోజుల్లో నమిలి మింగేసి వస్తారు. కోట ముందు ఫోటో, వంతెన మీద ఫోటో, గడియారం కింద ఫోటో. ఆ గడియారం కథేమిటని అడిగితే మాత్రం ఫోన్ తీసి వెతుకుతారు.

జగన్మోహన్ చేసే ఉద్యోగం, కారు సీట్లు వెచ్చబడేలా చేసే సాఫ్ట్‌వేర్ రాయడం. తను కాస్త కన్ను మూస్తే అమెరికాలో జనం అందరూ సీట్లలోనే గడ్డకట్టిపోతారని అతని నమ్మకం. కూతురు హంసిక డాన్స్ ప్రోగ్రామ్‌లో వెనక వరసలో కూర్చుని లాప్‌టాప్. మామగారి పదకొండో రోజున లాప్‌టాప్. నయాగరా దగ్గర — ఇది నా కళ్ళతో నేను చూశాను — జలపాతానికి వీపు తిప్పి లాప్‌టాప్!

చివరికి శ్రీవిద్యకి విసుగు పుట్టింది. నా ముందే చెప్పేసింది.

"ప్రాగ్‌లో నాలుగు రోజులు, జగన్. లాప్‌టాప్ ఇంట్లోనే ఉండాలి. ఈ నాలుగు రోజులైనా నా పక్కన మనిషిలా ఉంటే సరే. లేదంటే హంసికని తీసుకుని నా దారి నేను చూసుకుంటా. మళ్ళీ అడగను."

అరిచి చెప్పలేదు. అందుకే నాకు భయం వేసింది. జగన్మోహన్‌కి కూడా వేసినట్టే ఉంది, హంసిక మీద ఒట్టేశాడు.

పిల్లని నా దగ్గర వదిలి ఇద్దరూ విమానం ఎక్కారు. లాప్‌టాప్ కూడా ఎక్కింది... పెట్టె అడుగున, మాగాయ డబ్బా కింద.

కింది గది సంగతి మొదటి సాయంత్రమే శ్రీవిద్య చెప్పిందట. తాము అద్దెకి దిగిన పైఅంతస్తు కిటికీలోంచి బావి వైపు చూస్తూ, గొంతు తగ్గించి...

"రాత్రిపూట అటు వెళ్ళకు. ఇంతకుముందు ఇక్కడ ఉన్నవాళ్ళు రివ్యూల్లో రాశారు. వెలుగు కనిపిస్తుందట. గొణుగుడట."

"అబ్బ, నువ్వూ నీ రివ్యూలూ!" అని నవ్వేశాడట ఇంజనీరు గారు.

అయితే ఆ గదితో ఇంకో చిక్కుంది. ఇల్లు అద్దెకిచ్చినావిడ ముందే మెసేజ్ పెట్టింది — గోడలు మరీ మందం, వై-ఫై పైకి అందదు, దాని పెట్టె కింది గదిలో ఉంది అని. ఫోన్ సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. దెయ్యం ఉందో లేదో గానీ, ఇంటర్నెట్ మాత్రం అక్కడే ఉంది.

రెండు రోజులు బాగానే గడిచాయట. సందులన్నీ తిరిగారు. ట్రామ్‌లో పక్కపక్కనే కూర్చున్నారు. వాన పడితే ఒకే గొడుగులో నడిచారు. శ్రీవిద్య నవ్విందట కూడా. ఆ మాట చెబుతున్నప్పుడు అతని మొహం చూసి నాకు ఒక్క క్షణం జాలేసింది. ఒక్క క్షణమే.

మూడో రోజు రాత్రి, భోజనాల వేళ, శ్రీవిద్య నుదురు పట్టుకుంది.

"తలనొప్పిగా ఉంది. కాసేపు పడుకుంటా."

"పడుకో, పడుకో. నేనలా వెళ్ళి పెరుగు దొరుకుతుందేమో చూసొస్తా."

అంత తొందరగా ఆ మనిషి పెళ్ళాం మాట ఎప్పుడూ వినలేదు! ఎందుకంటే డెట్రాయిట్‌లో అప్పుడు మధ్యాహ్నం. మీటింగ్ టైమ్. మే నెలాఖరులో, సీట్లు వెచ్చబడడం గురించి మీటింగ్! లాప్‌టాప్ కోటు లోపల దోపుకుని మెట్లు దిగాడు. ఆవిడ నిద్రపోయేదాకా వీధిలో అటూ ఇటూ తచ్చాడి, మెల్లగా వెనక్కి వచ్చాడు.

వాకిట్లో దీపం లేదు. వాన వెలిసి రాళ్ళు తడిగా ఉన్నాయి. బావి మూత మీద ఎక్కణ్ణుంచో చుక్క... చుక్క... పడుతోంది.

నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

కింది గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల... నీలం వెలుగు.

వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాడట. కానీ మీటింగ్! దెయ్యం కంటే మేనేజర్ భయం గట్టిది. ఆంజనేయస్వామిని తలుచుకుంటూ ఇంకో అడుగు వేశాడు.

గొణుగుడు.

ఆడగొంతు. మెల్లగా, ఆగి ఆగి... ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. మధ్యలో చిన్న నవ్వు. నవ్వాల్సింది ఏమీ లేని చోట ఆ నవ్వు వినేసరికి వీపు మీద చెమట పట్టిందట.

తలుపు సందులోంచి చూశాడు.

చీకట్లో ఓ మొహం. మొహం ఒక్కటే... కింద ఒళ్ళు లేదు. నీలంగా, గాల్లో వేలాడుతున్నట్టు. పెదాలు కదులుతున్నాయి. కళ్ళు మాత్రం రెప్ప వేయకుండా ఒకేచోట నిలిచి ఉన్నాయి.

తలుపు పట్టుకున్నాడు. తలుపు కిర్రుమంది.

గొణుగుడు ఆగింది.

ఆ మొహం మెల్లగా అతని వైపు తిరిగింది. చీకట్లోంచి ఓ చెయ్యి లేచి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ష్..."

కోటు లోపలి లాప్‌టాప్ జారి దభేల్న నేల మీద పడింది.

"ఎక్స్‌క్యూజ్ మీ, వన్ సెకండ్" అంది ఆ మొహం మర్యాదగా, ఎదురుగా ఉన్న స్క్రీన్‌తో. ఏదో మీట నొక్కింది. తర్వాత తెలుగులో అంది —

"తెచ్చావన్నమాట."

శ్రీవిద్య! నల్ల స్వెటర్ వేసుకుని, ఒళ్ళో తన లాప్‌టాప్ పెట్టుకుని, శ్రీవిద్య!

"నువ్వు... తలనొప్పి అన్నావు..." అన్నాడు జగన్మోహన్.

"రెడ్‌మండ్‌లో ఉద్యోగం, దేశానికి ఆ చివర. ఆఖరి రౌండ్ ఇంటర్వ్యూ. ఇవాళే కుదిరిందన్నారు." నేల మీద పడ్డ లాప్‌టాప్ వైపు చూసింది. "నువ్వు తేకపోయి ఉంటే ఆ ఉద్యోగం వద్దని చెప్పేద్దామనుకున్నా. సరేలే. బ్యాటరీ అయిపోతోంది, నా ప్లగ్ ఇక్కడి గోడకి పట్టడం లేదు. నీ దగ్గర అడాప్టర్ ఉంటుందిగా... ఇటివ్వు."

మా వంటింట్లో జగన్మోహన్ అక్కడ ఆగాడు. గ్లాసులో కాఫీ చల్లారిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ క్షణంలో ఆ మనిషి చేయగలిగింది ఎంతో ఉంది! లాప్‌టాప్‌ని తీసుకెళ్ళి ఆ బావి మూత మీద పగలగొట్టొచ్చు. ఆవిడ పక్కన కూర్చుని ఏడవచ్చు. "వెళ్ళకు" అని ఒక్క మాట అనొచ్చు. ఏమీ ఖర్చు కాదు కదా!

"ఇచ్చారా?" అన్నాను.

"ఇచ్చానండీ. పాపం, ఇంటర్వ్యూ కదా."

"ఇచ్చి?"

"బయటికి వచ్చి బావి దగ్గర కూర్చున్నాను. రాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయండీ వసుమతి గారూ. లోపల తను మాట్లాడుతోంది... నవ్వుతోంది..."

"మరి మీరేం చేశారు?"

జగన్మోహన్ నా వైపు వింతగా చూశాడు, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

"మీటింగ్‌లో జాయిన్ అయ్యాను. అప్పటికే లేటయిపోయింది కదండీ."