అరగాన్ ఎండు పుట్టగొడుగులు

"మన ఏజెంట్ చుయెన్‌ని ముఠా వాళ్లు చంపేశారు. చచ్చేముందు కోడ్ కక్కించారు." ఫోన్‌లో చీఫ్ యియు గొంతు. "ఇవాళ నీ కొట్టుకి ఇద్దరొస్తారు. ఒకరు మన కొరియర్, ఇంకొకరు ముఠా మనిషి. ఇద్దరూ ఒకే మాట అడుగుతారు."

"కోడ్ మార్చచ్చుగా సార్?"

"కొరియర్ బయల్దేరిపోయింది. నీ తిప్పలు నువ్వు పడు."

ఏజెంట్ మాక్ పింగ్‌లున్ ఫోన్ పెట్టేశాడు. హాంకాంగ్ షెంగ్ వాన్ వీధిలో ఈ ఎండు సరుకుల కొట్టే అతని మారువేషం. ఎదురుగా బుట్టలో ఎండు పుట్టగొడుగులు. ఒకదాని కాడలో మైక్రోఫిల్మ్. అందులో ముఠాలోకి చొరబడిన మన ఏజెంట్ల ముఖాలు. ఒకటి అతని భార్య సియుయింగ్‌ది. ఫిల్మ్ వాళ్ల చేతిలో పడితే ఆమె సాయంత్రం దాకా బతకదు.

మధ్యాహ్నం ఆకుపచ్చ చెంగ్‌సామ్ గౌనులో ఓ అందగత్తె వచ్చింది. ఆమె సెంటు ముందు ఎండుచేపల కంపు కూడా ఓడిపోయింది.

"గాన్ ఎంత, షావుకారు గారూ?"

"ముందు ఎన్ని గాన్‌లు తూచాలో చెప్పండమ్మా."

"అరగాన్. మా అత్తగారికి మందంగా ఉన్నవే ఇష్టం."

కోడ్ అక్షరం పొల్లు పోలేదు. హమ్మయ్య అనుకుని, ఫిల్మ్ ఉన్నదానితో సహా తూనిక కర్ర పళ్లెంలో వేశాడు మాక్. ఆరు లెంగ్‌లు తూగింది, అరగాన్‌కి ఇంకా చాలదు. ఇంకో గుప్పెడు తీశాడు.

"అయ్యో, ఎక్కువేస్తున్నారే!" ఆమె నవ్వింది. "అరగాన్ అంటే ఐదు లెంగ్‌లేగా?"

మాక్ చటుక్కున గుప్పెడూ వెనక్కి పోసేశాడు. హాంకాంగ్‌లో గాన్‌కి పదహారు లెంగ్‌లు, అరగాన్‌కి ఎనిమిది. పసిపిల్లలకి కూడా తెలుసు. పదికి లెక్కేసేది బయటివాళ్లే. అంటే ఈమె ముఠా మనిషి.

"అవునవును." పళ్లెంలో వేలు పెట్టి కెలికాడు. "ఉండండమ్మా, ఇది పుచ్చిపోయింది." ఫిల్మ్ ఉన్నదాన్ని తీసి వెనక్కి గిరాటేశాడు.

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది. "నాకు ఆ పుచ్చిందే కావాలి. తియ్."

దేవుడా, సియుయింగ్! కళ్లు మూసుకుని తూనిక కర్ర విసురుగా తిప్పాడు. ఇనప గుండు ఆమె మణికట్టుకి తగిలింది. తూటా పైకప్పులోకి పోయింది. బయట మూటలు మోస్తున్న ఇద్దరు కూలీలు లోపలికి దూకి ఆమెను పట్టేశారు. ఇద్దరూ చీఫ్ మనుషులే.

మాక్ ఫిల్మ్ ఉన్న పుట్టగొడుగుని వెతికి తెచ్చుకున్నాడు. అంతలో డెబ్బై ఏళ్ల ముసలమ్మ బుట్టతో వచ్చింది.

"గాన్ ఎంతరా అబ్బాయ్? అరగాన్ తూచు. మా అత్తగారికి మందంగా ఉన్నవే ఇష్టం."

మాక్ తూచాడు. ముసలమ్మ కర్ర మీదికి వంగి చూసింది.

"ఏడున్నరేగా! తక్కిన అర లెంగ్ ఎవడబ్బ సొమ్మురా, దొంగ సచ్చినోడా?"

అంత కమ్మటి తిట్టు మాక్ జన్మలో వినలేదు. కళ్లు తుడుచుకుని, ఫిల్మ్‌తో సహా గుప్పెడు ఎక్కువే వేసి పొట్లం కట్టాడు. ముసలమ్మ ధర ఎక్కువని ఇంకో పావుగంట గొడవపడింది.