కిటికీ చట్రాలకు రెండో కోటు

ఆమె కౌంటరు మీద కాగితం పొట్లం విప్పింది. లోపల గోరంతేసి ముక్కలుగా రాలిన ఆకుపచ్చ రంగు.

"మీ కొట్లో కొన్నదే. వేసి పది రోజులు కాలేదు, కిటికీల నిండా పెచ్చులూడిపోతోంది."

రంగుల కొట్లో పనిచేసే అబ్బాయి ఒక పెచ్చు తీసి వెనక్కి తిప్పాడు. అటువైపంతా తుప్పు.

"తుప్పు గీకారా?"

"తడిగుడ్డతో తుడిచాను."

"అంటే తుప్పుకి స్నానం చేయించి కొత్త బట్టలు తొడిగారన్నమాట."

ఆమెకు ఒళ్ళు మండింది. "నేను టైలర్ని. బట్టల సంగతి నాకు చెప్పకండి."

"మరి పల్చటి బట్టని లైనింగ్ లేకుండా కుడతారా? ఇనుముకి రంగు కింద పూసే ప్రైమరే లైనింగ్."

ఆమె పొట్లం మడిచేసి, ప్రైమరు డబ్బా ఇంటికి పంపమని చిరునామా రాసిచ్చింది.

మేడ మీది గది ఆరు నెలలుగా ఖాళీగా ఉంది. కిటికీల ఇనుప చట్రాలు బాగుపడితేగాని గది ఎవరికీ చూపించేది లేదని ఆమె తండ్రి పట్టు. బస్సు డ్రైవరుగా రిటైరైన ఆయన మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేడు. కింద కూర్చునే అజమాయిషీ. ఆ ఇంట్లో ఉన్నది తండ్రీ కూతుళ్ళే.

మర్నాడు సాయంత్రం అతనే వచ్చాడు, ఒక్క కిటికీ చేసి చూపిస్తానంటూ. వైరు బ్రష్షుతో తుప్పు రాల్చాడు. గరుకు కాగితంతో ఇనుము తెల్లగా తేలేదాకా రుద్దాడు. థిన్నరులో తడిపిన గుడ్డతో తుడిచి, గోడకూ అద్దాలకూ అంచు వెంట టేపు అంటించాడు.

"రంగు పూయడం ఎంతసేపు? చాకిరీ అంతా ఇక్కడే" అని గరుకు కాగితం ఆమె చేతికిచ్చాడు.

ఒక్క కిటికీ అన్నవాడు వరసగా నాలుగు సాయంత్రాలు వచ్చాడు. వాన జల్లు పడినరోజు, తడి ఇనుముకి ఏదీ పట్టదని పని ఆపి ఇద్దరూ కబుర్లలో పడ్డారు. ఎర్ర ప్రైమరు వేసిననాడు ఆమె ముక్కు మీద చుక్క పడితే, చెప్పకుండా సాయంత్రమంతా తనలో తను నవ్వుకున్నాడు. ఆమె మర్నాడు నిలదీసింది.

"బాగుందని ఊరుకున్నా" అన్నాడు.

గురువారం మొదటి కోటు వేస్తున్నారు. కింది నుంచి తండ్రి కేకేశాడు.

"అమ్మాయ్, వాళ్ళు ఆదివారం చూసుకోవడానికి వస్తారట. నచ్చితే వెంటనే ఖాయం చేసుకుంటామన్నారు."

"మంచిది నాన్నా" అందామె సంబరంగా.

అతని చేతిలో బ్రష్షు ఆగింది. మిగిలిన చట్రం గబగబా ముగించేశాడు. వెళ్ళేటప్పుడు, "రెండో కోటు మీరే వేసుకోగలరు. పల్చగా వేయండి" అని దిగిపోయాడు.

శుక్రవారం రాలేదు. ఆమె మిషను ముందు కూర్చుని ఒకే జేబు రెండుసార్లు తప్పుగా కుట్టి విప్పింది. తనేమంది? నాన్నేమన్నాడు? శనివారం ఉదయం ఉక్రోషంగా కొట్టుకెళ్ళింది.

"పని మధ్యలో వదిలేస్తారా?"

"మీ ఇంట్లో శుభకార్యం పెట్టుకుని, మధ్యలో నేనెందుకండీ."

"గది అద్దెకివ్వడం శుభకార్యమా?"

అతను తలెత్తాడు. "గదా?"

"మరింకేమిటి? ఎవరో ముసలి దంపతులు, గది చూడటానికి వస్తున్నారు."

అతని ముఖం చూశాక ఆమెకు సంగతి అర్థమై నవ్వొచ్చింది. నిన్నటి నుంచి తను పడుతున్న దిగులు దేనికో కూడా అప్పుడే తెలిసింది.

యజమానికి చెప్పి అతను గంటలో వచ్చాడు. రెండో కోటు ఇద్దరూ కలిసి వేశారు. టేపు పీకుతూ అతనన్నాడు:

"ఒక్క కిటికీ చూపిస్తే మిగతావి మీరే చేసుకోగలరని మొదటిరోజే తెలుసు నాకు."

"మరెందుకొచ్చారు రోజూ?"

"రాకుండా ఉండలేక. మీ నాన్నగారితో మాట్లాడాలని ఉంది. ముందు మీరు సరేనంటేనే."

ఆమె చేతులు గుడ్డకు తుడుచుకుంది. "సరేలెండి, పదండి."

తండ్రి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మెట్లెక్కలేనుగాని నా చెవులు బాగానే పనిచేస్తాయి. నిన్న రంగులబ్బాయి రాకపోయేసరికి ఈ పిల్ల అన్నం కూడా సరిగ్గా తినలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరున్నారు బాబూ?"

"అమ్మ ఉందండీ."

"రేపు పదకొండింటికి తీసుకురా, మాట్లాడుకుందాం. ముందు కూర్చో."

అతను తలూపాడేగాని నిలబడే ఉన్నాడు. ఆమె ఒక కుర్చీ లాగి అతని వెనక వేసి, ఇంకోటి తెచ్చుకుని పక్కనే కూర్చుంది.