పక్కన పెట్టిన నూటయాభై

పరుగు!

మెట్ల మీద ఒక చెప్పు జారిపోయింది. రెండోది ఆమే విసిరేసింది. ఉత్తి కాళ్లతో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని డాబా మీంచి కిందికి పరిగెడుతోంది... ఈ ఫ్యాక్టరీని కట్టిన ఇంజనీరు.

పైన, చీకట్లో, వానలో... ఇప్పుడే ఒక మనిషిని తోసేశారు!

ఆడిటర్ని. పాపం, కాసేపటి కిందటే ఫోన్ చేశాడు. "మేడమ్, కంపెనీ డబ్బు మీ బావగారు దారి మళ్లిస్తున్నారు. డాబా మీదికి రండి, ఎవరూ వినకుండా చెప్తాను." ఆమె పైకి వెళ్లేసరికి రెయిన్‌కోటు వేసుకున్న ఒకడు అతన్ని పిట్టగోడ మీంచి నెట్టేస్తున్నాడు. అరుపు సగంలోనే ఆగిపోయింది.

వాడు వెనక్కి తిరిగాడు. ఆమెను చూశాడు!

ఇప్పుడు వెనకాల బూట్ల చప్పుడు.

కింది హాల్లో లైట్లు లేవు. వరసగా యంత్రాలు. పుట్టగానే ఊపిరి అందని పసిబిడ్డల కోసం ఆమె తయారుచేసిన చిన్న యంత్రాలు. ఎనిమిదేళ్ల కష్టం. చవకగా చేసింది, అదే ఆమె చేసిన పాపం. ఖరీదైనవి అమ్ముకునే పెద్ద కంపెనీ ఒకటి దీన్ని కొని మూసేయాలని కాచుకుని కూర్చుంది. బావ, అంటే ఆమె అక్క మొగుడు, అమ్మేద్దామంటాడు. ఈమె చచ్చినా ఒప్పుకోనంటుంది.

గేటు తోసింది. తాళం!

మళ్లీ తోసింది. కదల్లేదు.

బూట్లు ఆగాయి. సెల్‌ఫోన్ టార్చి వెలుగు మొహాన పడింది. ఆ వెలుగు పక్కనే తుపాకీ...

అయిపోయింది అనుకుంది. అప్పుడు గుర్తొచ్చింది.

వీడు నన్ను కాల్చలేడు!

కంపెనీ వాటాలు మొత్తం వెయ్యి. ఆమెవి రెండొందల ఎనభై. అంటే ఇరవై ఎనిమిది శాతం. పావు వంతుకు తగ్గకుండా వాటా ఉన్న ఏ భాగస్తుడైనా సంతకం పెట్టకపోతే కంపెనీని అమ్మడానికి లేదు. అగ్రిమెంటులో అలా రాసుంది. ఆమె చచ్చిపోతే ఆ వాటాలు వారసుల తగాదాతో కోర్టుకెక్కుతాయి. అమ్మకం ఏళ్ల తరబడి ఆగిపోతుంది. కాబట్టి ఆమె బతికుండాలి... కనీసం సంతకం పెట్టేదాకా!

ఆమె తుపాకీకి ఎదురు నడిచింది.

"కాల్చు! కాల్చి చూడు! నేను పోతే మా బావ రోడ్డున పడతాడు. కావాలంటే ఫోన్ చేసి అడుగు!"

టార్చి కిందికి దిగింది. వాడు రెయిన్‌కోటు టోపీ వెనక్కి తీశాడు.

ఆమె ఆ మొహాన్ని గుర్తుపట్టింది.

డ్రైవర్!

ఆరేళ్లుగా ఆమెను రోజూ ఫ్యాక్టరీకి తీసుకొచ్చే డ్రైవర్. ఆమె కారులో కునుకు తీస్తే రేడియో సౌండు తగ్గించే మనిషి. పెట్రోలు బిల్లుల కూడికలు కూడా ఆమె చేతే వేయించుకునే మనిషి.

"నువ్వా..."

"పాప ఫీజులు మేడమ్. తప్పలేదు." తల దించుకున్నాడు. తుపాకీ మాత్రం దించలేదు.

ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. "సార్... మేడమ్ చూసేశారు. చంపితే మీరు మునిగిపోతారంటున్నారు."

అవతల బావ నవ్వాడు. "ఏమ్మా మరదలా, వానలో తడిశావా? జలుబు చేస్తుంది జాగ్రత్త."

"బావా! నా సంతకం లేందే మీరు ఒక్క బోల్టు కూడా అమ్మలేరు. నాది ఇరవై ఎనిమిది శాతం!"

"నిన్నటిదాకా నేనూ అదే ఏడుపు ఏడ్చాను. కొనేవాళ్ల లాయరు నిన్న సాయంత్రం అగ్రిమెంటు మొదటి పేజీ చదివి వినిపించాడు. ఏ మాటకి ఏం అర్థమో చెప్పే పేజీ ఉంటుందే, అది. నువ్వు చదివావా?"

చదవలేదు. అంకెలున్న పేజీలన్నీ మళ్లీ మళ్లీ చదివింది. వాటా అంటే ఏమిటో తనకు ఒకరు చెప్పాలా అనుకుని ఆ పేజీ తిప్పేసింది.

"పావు వంతు అంటే ఇచ్చిన వాటాల్లో కాదట. ఫుల్లీ డైల్యూటెడ్ లెక్కలోనట! ఇచ్చినవీ, ఇస్తామని మాటిచ్చినవీ, ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టినవీ... అన్నీ ఇచ్చేసినట్టే అనుకుని లెక్కెయ్యాలట. మనం పక్కన పెట్టినవి ఎన్నమ్మా?"

నూటయాభై!

పోయిన నెల మీటింగులో బల్ల గుద్ది మరీ పెట్టించింది తనే. పనివాళ్లకీ కంపెనీలో వాటా ఉండాలని! బావ వద్దన్నాడు. పంతం పట్టి నెగ్గింది. ఆ రోజు ఎంత సంబరపడిందో!

"అవి ఇంకా ఎవరికీ ఇవ్వలేదు బావా! కాగితం మీదే ఉన్నాయి!"

"పాలల్లో నీళ్లు పోస్తే పాలు ఎక్కడికీ పోవు, చిక్కదనం పోతుంది. నీ రెండొందల ఎనభై నీ దగ్గరే ఉన్నాయి. కాకపోతే వెయ్యిలో కాదు, పదకొండొందల యాభైలో. ఇంజనీరువి, నువ్వే వేసుకో."

వద్దన్నా బుర్ర లెక్క వేసేసింది. పదకొండొందల యాభైలో పావు... రెండొందల ఎనభై ఏడున్నర.

ఏడున్నర తక్కువ!

ఇరవై ఎనిమిది శాతం కాస్తా ఇరవై నాలుగు చిల్లరకి దిగిపోయింది.

"బావా..."

"నీ సంతకంతో ఇక పనిలేదమ్మా. మీ అక్కకి నేను నచ్చజెప్పుకుంటాలే. ఒరేయ్, కానివ్వు!"

ఫోన్ కట్.

రేకుల మీద వాన. డ్రైవర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆమె మొహంలోకి చూడలేకపోతున్నాడు. ఆమె అది చూసింది. ప్రాణం లేచొచ్చింది!

"ఇలా చూడు. ఆ నూటయాభైలో మొదటి పేరు ఎవరిదో తెలుసా? నీదే! ఐదు వాటాలు. నీ కూతురి చదువు కోసం నేనే రాయించాను!"

"నాకా మేడమ్?" వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నిజంగా?"

"ఒట్టు!"

తుపాకీ దిగిపోయింది. వాడు గేటు తాళంచెవి తీశాడు. ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

తాళంచెవి తాళంలోకి వెళ్లింది... ఆగింది.

"అవి నా చేతికి ఎప్పుడొస్తాయి మేడమ్?"

"ఇంకో నాలుగేళ్లు పనిచేస్తే. లేదంటే..." నాలిక కరుచుకుంది.

"లేదంటే?"

అబద్ధం ఆడితే బతికేదేమో. ఆమెకు ఆడటం రాదు. ఈ మనిషితో అసలే రాదు.

"కంపెనీ అమ్ముడుపోతే. ఆ రోజే." పనివాళ్లకు అన్యాయం జరగకూడదని ఆ ముక్క కూడా తనే రాయించింది.

"ఒక్కోటి ఎంత?"

"నాలుగు లక్షలు."

"మీరు బయటికెళ్లి పోలీసులకి చెప్తే ఇక అమ్మకం ఉండదు కదా మేడమ్." తాళంచెవి బయటికొచ్చింది.

"ఐదు నాలుగులు..." వాడు వేళ్లు మడిచాడు. తడబడ్డాడు. పెట్రోలు బిల్లు చేతిలో పట్టుకుని చూసినట్టే ఆమె వైపు చూశాడు.

"ఇరవై," అంది ఆమె, అలవాటుగా.

ఢాం!